సోమవారం అడగని మాట

కొత్త లైనింగు గుడ్డకి కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని లాగితే చర్రున చిరుగుతుంది. ఆ చప్పుడుతో పాటు గంజి వాసన గుప్పున లేస్తుంది. ఈ మధ్య ఒక ఆదివారం సాయంత్రం మా అమ్మాయితో కలిసి ఏలూరులో ఒక పెద్ద బట్టల దుకాణానికి వెళ్తే పక్క కౌంటర్లో ఆ చప్పుడే వినిపించి ఆగిపోయాను. గుడ్డ చింపుతున్న పిల్ల ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదంతో పిక్క రుద్దుకుంటోంది. ఆ నొప్పి ఏమిటో నాకు తెలుసు. ఆదివారం కూడా సెలవుండదా అమ్మా అని అడిగాను. వారానికి ఒక రోజు ఇస్తారట, అది ఏ రోజన్నది మాత్రం ముందు రోజు సాయంత్రం చెబుతారట. అంటే ఆ పిల్ల ఫలానా రోజు వస్తానని తల్లికి కూడా మాట ఇచ్చే వీలు లేదన్నమాట. తాడేపల్లిగూడెంలో మా బజారు వర్తకులు కూడా ఇప్పుడు ఇదే చర్చలో ఉన్నారు, ఆదివారాలు రాత్రి దాకా కొట్లు తెరిచి ఉంచాలా వద్దా అని. నాదీ ఒక చిన్న కొట్టు కాబట్టి నన్నూ అభిప్రాయం అడిగారు. అడగగానే నాకు ఖాదర్ గారు గుర్తొచ్చారు.

ఖాదర్ గారిది మ్యాచింగ్ సెంటర్. చీర పట్టుకొస్తే దానికి సరిపోయే జాకెట్టు ముక్క, లైనింగు, ఫాలు ఇచ్చే కొట్టు. నేను పని నేర్చుకున్నది అక్కడే. సన్నటి మనిషి, మడత పెట్టిన చొక్కా చేతులు, మెడలో ఎప్పుడూ టేపు. మంచివాడే గానీ మహా పిసినారి. బేరం వస్తేనే ఫ్యాను తిరిగేది, గిరాకీ మెట్టు దిగగానే స్విచ్చి మీద చెయ్యి పడేది. టీ తెప్పిస్తే ఒక కప్పు ఇద్దరికి. ఆయనకో పట్టు ఉండేది. ఎంత చిన్న ముక్కయినా సరే, చీరనీ తానునీ గుమ్మం బయటికి తీసుకెళ్లి, ఎండలో పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప అమ్మేవారు కాదు. ట్యూబులైటు అబద్ధం చెబుతుందనేవారు. పొద్దు గుంకాక ఎవరైనా వస్తే, రేపు పగలు రండమ్మా అని పంపేసేవారు. ఆయన చూపు అంత గొప్పదేం కాదు, ఆకుపచ్చ దగ్గర ఎప్పుడూ తడబడి, ఇలా చూడమ్మా అని మమ్మల్నే పిలిచేవారు. తన కళ్ల మీద నమ్మకం లేకే ఎండని నమ్ముకున్నారని నేను నవ్వేదాన్ని. తిరిగి వెళ్లిన ఆడవాళ్లు మాత్రం, కడుపు నిండిన బేరం అని సణుక్కుంటూ వెళ్లేవారు.

శుక్రవారం మధ్యాహ్నం కొట్టు మాకొదిలేసి నమాజుకి వెళ్లేవారు. ఆదివారం ఒంటిగంటకి షట్టర్ దించేవారు. అప్పట్లో బజారంతా అంతే. ఆ ఒంటిగంట కోసమే నేను వారమంతా బతికేదాన్ని. మా ఆయన పోయాక, రాత్రి ఎనిమిది దాకా కొట్లో ఉండే నాకు పిల్లని చూసుకునే దారి లేక, దీప్తిని ఏలూరులో హాస్టల్లో వేశాను. తల్లిదండ్రులు కలవడానికి వీలున్నది ఆదివారం మధ్యాహ్నమే. పొద్దున్నే లేచి కొరమీను పులుసు వండి, గిన్నె కొట్లో దాచిపెట్టుకుని, షట్టర్ పడగానే స్టేషనుకి పరుగెత్తేదాన్ని. పాసింజరు భీమడోలులో ఆగిందంటే కదలదు, నాకు ప్రాణం మీదికొచ్చేది. హాస్టలు మెట్ల మీద కూర్చోబెట్టి అన్నం పెట్టి, తలలో పేలు చూసి, రెండు జడలు బిగించి వేసేసరికి గంట కొట్టేవారు. అమ్మ వేసిన జడలని పిల్ల బుధవారం దాకా వాటిని విప్పేది కాదట. ఎన్నో ఏళ్ల తర్వాత చెప్పింది ఆ మాట.

సోమవారం పొద్దున్న కొట్టు తుడుస్తుంటే, పిల్ల ఎలా ఉందని ఖాదర్ గారు ఒక్క మాట అడుగుతారేమో అని చూసేదాన్ని. అబ్బే, ఆ తాను ఇలా అందుకో, ఈ ఫాళ్లు సర్దు, అంతే. నాకు కష్టంగా ఉండేది. తీరా మంగళవారం మధ్యాహ్నం, నేను మరిచిపోయాక, “పాప బాగుందా అమ్మా?” అనేవారు. ఇదెక్కడి చోద్యమో, ఈయనకి ఒక రోజు ఆలస్యంగా మనసు పనిచేస్తుందేమో అనుకునేదాన్ని. కొట్లో నాతో పాటు పనిచేసే సుజాతకి చెబితే పడీపడీ నవ్వింది.

ఇలా ఉండగా స్టేషన్ రోడ్డులో ఒక పెద్ద కొట్టు వచ్చింది. ఆదివారమంతా తెరిచే ఉంచారు. బజారు వర్తకులు కూర్చుని, మనమూ తెరవకపోతే మునిగిపోతామని తీర్మానించుకున్నారు. ఖాదర్ గారి కొడుకు సరేనన్నాడు, ఆయనా కాదనలేదు. ఆ మాట విన్న రాత్రి నాకు ఒకటే ఆలోచన. పిల్లకి ఏమని చెప్పను? మర్నాడు ఆయనే నన్ను పక్కకి పిలిచి, నువ్వు మామూలుగా ఒంటిగంటకి వెళ్లిపో, నీ పని నేను చూసుకుంటానన్నారు. చేతులెత్తి దండం పెట్టాను. రెండు మూడు వారాలు అలాగే గడిచాయి. సుజాత మాత్రం నాతో మాట్లాడటం తగ్గించింది. ఆమెకి పెళ్లి కాలేదు, అన్నగారింట్లో ఉండేది.

ఒక శనివారం సుజాత ఆయన దగ్గరికెళ్లి, రేపు మధ్యాహ్నం తనకీ సెలవు కావాలంది. ఏం పని ఉందమ్మా అని ఆయన మామూలుగానే అడిగారు.

“పనేమీ లేదండీ. పడుకుంటాను. నాకు పిల్లలు లేరని ఆదివారం కూడా ఉండదాండీ?”

ఎంత మెత్తగా అందంటే, కొట్లో ఉన్న గిరాకీ కూడా తల ఎత్తలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. దీనికి పడక ముఖ్యం, నాకు కన్నబిడ్డ ముఖ్యం, రెండూ ఒకటేనా అనుకున్నాను. దాంతో పాటే భయమూ వేసింది. ఇద్దరికీ ఒకటే న్యాయం అని ఆయన అన్నారంటే పోయేది నా ఆదివారమే. ఖాదర్ గారు చేతిలో ఉన్న గుడ్డని మడిచి, విప్పి, మళ్లీ మడిచారు.

మర్నాడు ఒంటిగంటకి ఆయన కొక్కెం కర్ర తీసుకుని షట్టర్ దించేశారు. రెండు పక్కలా కొట్లు కళకళలాడుతున్నాయి. ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అని ఎదుటి కొట్టాయన వినపడేలాగే అన్నాడు. కొడుకు ముఖం ఎర్రబడింది, నలుగురిలో నవ్వులపాలయ్యామన్నాడు. ఖాదర్ గారు అతనికి కాదు, మా ఇద్దరికీ చెప్పారు.

“ఇన్నాళ్లూ పద్మకి సెలవిస్తున్నాననుకున్నానమ్మా. కారణం చూపించి తీసుకునేది సెలవు కాదు. ఇక మీదట ఎందుకని నేను అడగను.”

ఆ రోజు రైల్లో కూర్చున్నాను గానీ, మనసు సుజాత దగ్గరే ఉండిపోయింది. ఆమె ఎప్పుడు పడుకుంటుందో, ఆ ఇంట్లో పడుకోనిస్తారో లేదో, ఇన్నేళ్లూ నేనూ అడగలేదు. పిల్లని అడ్డం పెట్టుకుంటే నాకు దారి దొరికింది. అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేనివాళ్ల సంగతి ఏమిటన్నది ఆమె అడిగేదాకా నాకు తట్టలేదు. కోపం పూర్తిగా పోవడానికి ఇంకో వారం పట్టిందనుకోండి, అది వేరే సంగతి.

ఇక్కడితో అయిపోతే ఖాదర్ గారే గెలిచారని చెప్పేసేదాన్ని. కానీ ఇంకో ఆదివారం, షట్టర్ దించాక, ఒకావిడ కవర్లో చీర పెట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. కొల్లేరు పక్క ఊరు. వారమంతా రొయ్యల షెడ్డులో పని, గణపవరం మీదుగా రావలసిన బస్సు ఆలస్యమైంది. కూతురి ఓణీల ఫంక్షను దగ్గర పడింది.

“మాకు దొరికేదీ ఆదివారమేగా అండీ. మీకు సెలవని మా పనులు ఆగిపోవాలా?” అంది.

ఖాదర్ గారు మమ్మల్ని వెళ్లిపొమ్మని సైగ చేసి, షట్టర్ సగం ఎత్తి, ఒంగి లోపలికి దూరి, తాను బయటికి తెచ్చి మెట్టు మీద ఎండలో పెట్టారు. నేను సందు మలుపు తిరుగుతూ వెనక్కి చూస్తే ఇద్దరూ గుడ్డ మీదికి ఒంగి ఉన్నారు. ఆ తర్వాతి వారం నుంచి ఆదివారాలు పొద్దు పొడవగానే కొట్టు తెరవడం మొదలుపెట్టారు. మేము పొద్దున్న మామూలు వేళకే పనిలోకి వెళ్లేవాళ్లం, అప్పటిదాకా ఆయనా కొడుకూ నిలబడేవారు. లేత ఎండలో రంగు దాగదమ్మా అని సంబరపడేవారు. కొడుకు ఆవలిస్తూ సణుగుతూ ఉండేవాడు. మొదటి బస్సుకి వచ్చే కొల్లేరు వైపు ఆడవాళ్లు కొందరు అలవాటు పడ్డారు. సాయంత్రం వచ్చేవాళ్లు మాత్రం స్టేషన్ రోడ్డుకి వెళ్లిపోయారు. వ్యాపారం తగ్గిన మాట నిజం. అందరికీ అన్నీ సరిపెట్టే లెక్క ఆయనకీ దొరకలేదు. నిలబడే కాళ్లలో ముందు తన కాళ్లని చేర్చుకున్నారు, అంతే.

ఆయన పెద్దవారై ఇంటి పట్టున ఉన్న రోజుల్లో ఒకసారి చూడ్డానికి వెళ్లాను. అప్పటికి నేను సొంతంగా కొట్టు పెట్టుకున్నాను. మాటల్లో, ఏవండీ, పాప సంగతి సోమవారం అడక్కుండా మంగళవారం అడిగేవారేం, నేనెంత బాధపడేదాన్నో తెలుసా అని దెప్పాను. ఆయన చాలాసేపు నవ్వారు.

“సోమవారం అడిగితే, నేనిచ్చిన పూటకి జవాబు చెప్పించుకున్నట్టుంటుంది కదమ్మా. మంగళవారానికి ఆ పూట నీదైపోతుంది. అప్పుడు అడగొచ్చు.”

నాకు కళ్ల నీళ్లు వచ్చాయి. రాకుండా ఎలా ఉంటాయి? అన్నేళ్లు నేను పట్టించుకోనితనం అనుకున్నది ఇదన్నమాట. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు.

వర్తకుల సమావేశంలో నా వంతు వచ్చినప్పుడు, తెరవాలనుకున్నవాళ్లు తెరుచుకోండి, కొల్లేరు వైపు వాళ్లకీ ఆదివారమే దొరుకుతుంది, కాదనను అన్నాను. కానీ కౌంటర్ వెనక నిలబడేవాళ్లకి తమ సెలవు ఏ రోజో ముందే తెలియాలి, ఎందుకని అడగకుండా ఇవ్వాలి, మన కాళ్లు కూడా కాసేపు నిలబడాలి, అప్పుడు ఎంతసేపు తెరవాలో మనకే తెలుస్తుంది అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. పద్మ గారు అచ్చం ఖాదర్ గారిలా మాట్లాడుతున్నారని ఎవరో వెనక నుంచి అన్నారు. ఇంకా ఏదీ తేలలేదు. నా కొట్టు మాత్రం ఆదివారం ఒంటిగంటకే మూస్తాను. రాత్రిపూట మ్యాచింగ్ చూడను.

నా దగ్గర భవాని అనే అమ్మాయి పనిచేస్తుంది. నిన్న మధ్యాహ్నం షట్టర్ దించాక ఎటు వెళ్లిందో తెలియదు. ఈ పొద్దున్న కళ్లు ఉబ్బి ఉన్నాయి, చేతికి కొత్త గాజులున్నాయి. ఏడ్చిందో, నిద్ర లేదో, ఎవరితోనైనా గొడవ పడిందో. నాది అసలే ఆగని నోరు. ఏమైందే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఆ నీలం తాను ఇలా అందుకో అమ్మా అని, గుమ్మం బయట ఎండలోకి నడిచాను. ఈ రోజు సోమవారం. రేపు అడుగుతాను.