కాచుకోవడం నేర్పిన మామ

ఎదలో నొప్పి పట్టుకుంటే మీరు ఎంతసేపు కాచుకుంటారు? అయ్యలారా, అమ్మలారా, మిమ్మల్నే అడుగుతున్నాను. వాయువేమోనని వాము నములుతారా? కాసేపు పడుకుంటే పోతుందంటారా? మా మామ కాచుకున్నాడు. పోయిన ఆదివారం కెలవరపల్లిలో, తన ఇంట్లో, తన కుర్చీలోనే పోయాడు.

ఆయన మా అమ్మకు అన్న. హోసూరు ఫ్యాక్టరీలో ఇనుమును తిప్పి చెక్కే లేత్ మీద పనిచేసి రిటైరయ్యాడు. బడి గడప తొక్కని నేను అక్షరాలు కూడబలుక్కుని దేవుడి గ్రంథం చదువుకుంటుంటే ఊరంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. గ్రంథం అట్ట ఊడిపోతే అంచులకు ఇత్తడి రేకు బిగించి ఇచ్చాడు. ఊరూరా గ్రంథం చెప్పుకుంటూ తిరిగే నా సంచిలో ఈరోజుకీ అదే ఉంది, అదే రేకుతో.

రిటైరయ్యాక ఆయన చేతికి ఒక వింత పని వచ్చింది. లైసెన్సున్న ఒక రైఫిల్ క్లబ్బులో, చేత్తో నింపిన తూటాలు సరిగ్గా పనిచేస్తాయో లేదో పరీక్షించడం. మొదట్లో సీసపు గుండ్లు వాడేవారు. సీసం తుపాకి గొట్టంలో అంటుకుపోతోందని, ఎర్ర పూత వేసిన గుండ్లు తెప్పించారు. ఆ పూత ఒక వెంట్రుక మందం ఎక్కువైనా తూటా రైఫిల్లో ఇరుక్కుంటుంది. అందుకని ఆయన ముందు మందు నింపకుండా ఉత్తుత్తి తూటాలు కట్టేవాడు. రైఫిల్లో తూటా కూర్చునే గది కొలతకు ఒక ఉక్కు గేజీని లేత్‌లో తిప్పుకుని, వాటిని అందులో ఒక్కొక్కటిగా వదిలేవాడు. ‘టక్’మని పడాలి. తిరగేస్తే తనంతట తానే జారి రావాలి. రాకపోతే దాన్ని పక్కన పెట్టి, పూత ఎక్కడ గీసుకుపోయిందో కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూసేవాడు. మందున్నవి ఏనాడూ ఇంటికి తెచ్చింది లేదు.

మా అత్త ఆ ఎర్ర గుండ్లను చూసి, "ఏమిది, పెండ్లికూతురికి పూసినట్ల రంగు పూసినారే!" అంది ఒకరోజు.

"పూస్తే సరిపోయిందా? లోపలున్న గది ఒప్పుకోవల్ల గదమ్మా," అన్నాడాయన, చేతిలో పని ఆపకుండానే.

"నన్ను మాత్రం ఏ గేజీలో వేసి చూసి తెచ్చుకున్నావో!"

"నిన్నా? వేసినాను, ఇరుక్కుపోయినాను. ఇంగా బయటికి రాలేదు."

ఆయన మాట ఒకటి క్లబ్బులో అందరికీ నోటికి వచ్చు: "ఎక్కల్ల, పేలల్ల, బయటికి దూకల్ల. మూడూ అయితే తూటా. రెండే అయితే అదృష్టం."

ఒకసారి నేను కూడా వెళ్ళాను. క్లబ్బు సెక్రటరీ గురి పెట్టి మీట నొక్కాడు. క్లిక్కుమంది, పేలలేదు. సెక్రటరీ చెయ్యి రైఫిల్ తెరవడానికి పోయింది. మామ గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది.

"తెరవొద్దప్పా! ముందరికే పట్టుకో. కాచుకో."

కాచుకున్నాం. ఎండలో, ఊపిరి బిగబట్టి. పేలని తూటా ఒక్కోసారి కాస్త ఆలస్యంగా పేలుతుందట. ఎప్పటికో మామ తలూపితే తెరిచారు. ఏమీ లేదు, తూటా చచ్చి ఉంది. సెక్రటరీ చెమట తుడుచుకుంటూ, "ఏమీ కాలేదు గదప్పా, ఇంత సేపు నిలబెట్టినావు," అన్నాడు.

"ఏమీ కాకూడదనే గదప్పా నిలబెట్టింది," అన్నాడు మామ.

తొందరపడి తెరిచినవాడి చెయ్యి ఏమైందో ఆయన ఒకసారి కళ్ళారా చూశాడట. అప్పటి నుంచి కాచుకోవడం ఆయనకు ఒక వ్రతమైపోయింది. ఆ వ్రతమే ఆయన్ను తీసుకుపోయింది.

ఆదివారం నేను కుందారపల్లి భజన మందిరంలో మాట్లాడుతున్నాను. అత్త ఫోన్ చేసింది. "మీ మామ ఎద పట్టుకోని కూచున్నాడప్పా. చెమటలు కారతా వుండాయి. ఆటో పిలిస్తే ఎనక్కి పంపించేసినాడు. నువ్వన్నా చెప్పు."

ఫోన్ ఆయన చేతికిచ్చింది. గొంతు నిదానంగానే ఉంది. "ఏం లేదప్పా. క్లిక్కుమనింది, పేలలేదు. కాచుకుంటా వుండాను."

"మామా, అది తుపాకీకి! ఎదకు కాదు! ఆటో ఎక్కు!"

"రెండూ యంత్రాలే లేప్పా. తొందరపడి తెరిస్తేనే ముప్పు. నువ్వు పని చూసుకోని రా, సాయంత్రం మాట్లాడదాం."

ఓర్పు వేరు, చేయాల్సిన వేళ చేతులు ముడుచుకుని కూర్చోవడం వేరు. గ్రంథం చెప్పేది ఇదేనని వేప్పనపల్లి నుంచి హోసూరు దాకా గొంతు చించుకున్నవాణ్ణి నేను. మైకు లేకపోయినా మూడు వీధులు వినిపించే గొంతు నాది. ఆ గొంతు ఫోన్లో ఒక్క మనిషిని కుర్చీలోంచి లేపలేకపోయింది. అరిచాను, బతిమాలాను, ఏడ్చాను. ఆయన ఫోన్ అత్తకిచ్చేశాడు. "మళ్ళీ ఆటోను పిలువత్తా, ఈసారి ఆయన్ను అడగొద్దు, ఎత్తి కూచోబెట్టండి," అన్నాను. హైవే మీద బండి తోలుతూ నాకు వచ్చిన ప్రార్థనలన్నీ చదివాను. లారీలు పోతూనే ఉన్నాయి. దారి తరగలేదు.

నేను చేరేసరికి వాకిట్లో ఆటో నిలబడి ఉంది, ఇంజను ఆపకుండా. లోపల ఎవరూ తొందరపడటం లేదు. అప్పుడే అర్థమైంది.

సంచిలోంచి గ్రంథం తీశాను. ఇత్తడి అంచు చేతికి చల్లగా తగిలింది. ఏ పేజీ తెరిచినా అక్షరాలు ముందుకు కదల్లేదు. బల్ల మీద ఆయన గేజీ, దాని పక్కన ఆయన ఇంకా పరీక్షించని ఉత్తుత్తి తూటా ఒకటి ఉన్నాయి. ఏం చేయాలో తెలియక దాన్ని తీసి గేజీలో వదిలాను. ‘టక్’మంది. తిరగేస్తే అరచేతిలోకి జారింది. అంతా సరిగ్గా ఉంది మామా. వినడానికి ఆయన లేడు.

అయ్యలారా, అమ్మలారా, తుపాకి క్లిక్కుమంటే కాచుకోండి. ఎద క్లిక్కుమంటే మాత్రం ఒక్క క్షణం కాచుకోవద్దు. నిన్నటి నుంచి ఎదలో బరువుగా ఉందని ఎవరికీ చెప్పకుండా దీన్ని చదువుతున్నవాళ్ళు మీలో ఉన్నారు. ఉన్నారని నాకు తెలుసు. ఈ కాగితం కింద పెట్టండి. ఇంట్లో ఎవరున్నారో వాళ్ళను కేకేయండి. రేపు కాదు, భోజనం అయ్యాక కాదు, ఇప్పుడే లేవండి. వాకిట్లోకి వచ్చిన ఆటోను వెనక్కి పంపకండి.