బ్రేకూ, కొబ్బరినీళ్ళూ

ఇంజినీరింగు పాసై ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాకు తెలియని విషయం ఒకటి ఉంటుందంటే నేను నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కాసేపు మాట్లాడకుండా ఉండమని బతిమాలాలనిపిస్తుంది. భీమవరం దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను. చుట్టూ రొయ్యల చెరువులు. రొయ్యలు పట్టే పట్టుబడి రోజున ఐసు కోసం గేటు బయట లారీలు బారులు తీరేవి. పెద్ద ఉప్పునీటి తొట్టిలో దించిన డబ్బాల్లో నీళ్ళు గడ్డకడితే, వాటిని వరసకు వరస పైకెత్తేది హాయిస్టు. దాని మోటారు వెనకాల ఒక బ్రేకు ఉంటుంది. స్ప్రింగు బలంతో అది మోటారును ఎప్పుడూ పట్టి ఉంచుతుంది. కరెంటు అందినంతసేపే వదులుతుంది. కరెంటు పోతే మళ్ళీ పట్టేస్తుంది (లేకపోతే డబ్బాలు కిందున్న వాళ్ళ నెత్తిన పడతాయి).

పాత హాయిస్టు కుదుపులు ఎక్కువవడంతో ఓనరుగారు కొత్త మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే డ్రైవు కొన్నారు. బిగించే పని నాకు అప్పజెప్పి, "ఇది బాగా తిరిగితే మీ ఉద్యోగం పర్మనెంటు చేసేద్దామండి" అన్నారు. తిరక్కపోతే ఏం చేద్దామో చెప్పలేదు, మర్యాదస్తులు. మా అమ్మ అప్పటికే పర్మనెంటు అయిపోయిందని వీధంతా చెప్పేసింది (చెప్పమన్నది నేనే). అక్కడి పాత ఎలక్ట్రీషియన్‌ని అందరూ బాబాయ్ అనేవాళ్ళు. ఏడో తరగతి చదివాడు. వైర్లన్నీ బిగించాక వచ్చి, "బ్రేకుకి కరెంటు ఎక్కణ్ణించి ఇచ్చారు బాబూ?" అన్నాడు.

"మోటారుకి వెళ్ళేదాంట్లోంచే. పాత కనెక్షనే బాబాయ్."

"పాత దానికి డ్రైవు లేదు కదండీ."

"డ్రైవంటే కంప్యూటరు లాంటిది. అన్నీ అదే చూసుకుంటుంది."

"ఆయ్" అని ఊరుకున్నాడు. పోనీ ఒకసారి తిప్పి చూద్దామంటే ఓనరుగారు ఒప్పుకోలేదు. "ముందే తిప్పేస్తే ఇంక ముహూర్తం దేనికండీ? మొదటిసారి ముహూర్తానికే తిరగాలి" అన్నారు. నేనూ గట్టిగా తలూపాను.

ముహూర్తం నాడు పంతులుగారు మోటారుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కరెంటు ప్యానెలుకి దండ వేసి, దాని ముందే కొబ్బరికాయ కొట్టారు. నేను బటన్ నొక్కాను. మోటారు మూలిగింది. డబ్బాలు కదల్లేదు. డ్రైవు మీద ఎర్రదీపం వెలిగింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అంతే. "మోటారు డిఫెక్టండి, కంపెనీకి మెయిలు పెట్టాలి" అన్నాను. పంతులుగారు వాచీ చూసుకుని, "ఇంకో ఇరవై నిమిషాల్లో వర్జ్యం వచ్చేస్తుందండి" అన్నారు. ఓనరుగారు నా వంక చూశారు. భయంతో నాకు చెమటలు పట్టాయి, అదీ ఐసు ఫ్యాక్టరీలో.

బాబాయ్ నా పక్కకొచ్చి చెవిలో, "టక్ మనలేదు బాబూ" అన్నాడు. బ్రేకు వదిలినప్పుడు టక్ మని చిన్న చప్పుడు వస్తుంది. అంతమందిలో ఆ చప్పుడు రాలేదని గమనించింది ఆయనొక్కడే. అప్పుడు వెలిగింది నాకు. డ్రైవు మోటారును మెల్లగా బయల్దేరదీయడానికి మొదట తక్కువ వోల్టేజి ఇస్తుంది, బ్రేకు వదలడానికి అది చాలదు. బ్రేకుకి విడిగా, నేరుగా కరెంటు ఇవ్వాలి. బాబాయ్ అడిగింది అదే.

తప్పు నాదేనని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా బాబాయ్, "కొబ్బరినీళ్ళు ప్యానెల్లోకి చిందాయండి. పావుగంటలో తుడిచేస్తాం" అనేశాడు. అందరూ పంతులుగారి వైపు తిరిగారు. ఆయన చేతిలోని చిప్పలు కండువా కింద దాచుకున్నారు. మెయిన్ ఆఫ్ చేసి, బాబాయ్ భుజాన ఉన్న గుడ్డ తీసి తుడుస్తున్నట్టే తుడుస్తూ, పాత ప్యానెల్లోంచి తీసిన కాంటాక్టరు (పెద్ద స్విచ్చు లాంటిది) పెట్టి బ్రేకుకి వేరే లైను ఇచ్చాడు. నేను టార్చి పట్టుకున్నాను. ఆ రోజు నేను చేసిన ఇంజినీరింగు అంతే. బటన్ నొక్కితే టక్ మంది, డబ్బాలు లేచాయి. వర్జ్యానికి ఇంకా రెండు నిమిషాలు ఉంది.

సాయంత్రం టీ తాగుతూ, "పాపం, పంతులుగారి మీద ఎందుకు పెట్టావు బాబాయ్?" అని అడిగాను.

"పంతులుగారి ఉద్యోగం ఎవరూ తియ్యరు కదండీ" అన్నాడు.

ఇప్పుడు నేను ఇంకో ఐసు ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు చూస్తున్నాను. బాబాయ్ లేడు. ఈమధ్య మా దగ్గరా కొత్త హాయిస్టు పెడితే, ముహూర్తానికి అదే పంతులుగారు వచ్చారు. ఆయన ఇప్పుడు కొబ్బరికాయ గేటు దగ్గరే కొట్టి, చేతులు తుడుచుకుని మరీ లోపలికి వస్తారు. కొత్తగా చేరిన ఇంజినీరు అమ్మాయి బటన్ నొక్కింది. టక్ మనలేదు. ఆ అమ్మాయి మళ్ళీ నొక్కింది, మళ్ళీ అంతే. నెపం వేద్దామంటే ఎక్కడా చుక్క కొబ్బరినీళ్ళు లేవు. "కనెక్షను చూడాల్సింది నేనండి, పొరపాటు నాదే" అన్నాను. కొంతవరకు నిజం కూడా. వైరు మార్చాం, తిరిగింది.

ప్రసాదం పంచుతూ పంతులుగారు నా దగ్గర ఆగి, "అయితే అప్పుడు కూడా నీళ్ళు పడలేదన్నమాట" అన్నారు.

"లేదండి" అన్నాను. ఇన్నేళ్ళకి సిగ్గేసింది.

ఆయన నవ్వేశారు. నా చేతిలో కొబ్బరిముక్క మాత్రం కాస్త పెద్దదే పెట్టారు.