గొళ్ళెం బాబాయి అనుమానం

మానవజాతి మొదటి తలుపు బిగించిన రోజే, దాన్ని లాగి చూసేవాడొకడు పుట్టక తప్పదని విధి నిర్ణయించింది. యుగాలు గడిచాయి. చివరికి ఆయన కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఓ కంపెనీలో, పరీక్షల విభాగంలో, కిటికీ పక్క కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాడన్నది మాటవరసకే. కాలుకాలిన పిల్లిలా తిరుగుతూ, కనబడ్డ ప్రతి తలుపునూ, బీరువానూ, సొరుగునూ ఓసారి లాగి చూడందే ఆయనకు ఊపిరాడదు. అందుకే ఆఫీసంతటికీ ఆయన గొళ్ళెం బాబాయి.

మేనేజరు గది తలుపునైతే, మేనేజరు లోపలున్నప్పుడే లాగుతాడు.

"ఏమిటి బాబాయ్?"

"ఏం లేదు. గొళ్ళెం పడిందో లేదోనని."

"నేను లోపలే ఉన్నానుగా!"

"అందుకే మరీ భయం."

ఆ రోజు సాయంత్రం ఆటకు కొత్త అప్‌డేట్ విడుదల కావాలి. దాన్ని ఆటగాళ్ళ కంప్యూటర్లలోకి దానంతటదే ఎక్కించే ప్రోగ్రాం రాసింది కొత్తమ్మాయి. ఆమె ఉద్యోగం ఖాయమవుతుందో ఊడుతుందో ఆ వారమే తేలాలి. అలాంటి సమయంలో బాబాయి కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చాడు.

"అమ్మడూ, ఇలా చూడు. నేను తెరిచిన ఈ మామూలు ఖాతాకి కంప్యూటరు గడియారం మార్చే హక్కు కూడా లేదు. అవునా?"

"అవును బాబాయ్."

"నీ ప్రోగ్రాం ఓ ఫోల్డరులోంచి ఫైళ్ళు తీసుకుంటుంది. అందులో ఎవరైనా ఏమైనా పెట్టొచ్చు. నేనూ ఒకటి పెట్టా."

ఆయన మీట నొక్కాడు. తెర మీది గడియారం ఒక్క ఉదుటున పోయిన శతాబ్దంలోకి దూకింది.

కొత్తమ్మాయికి తప్పెక్కడుందో అర్థమైంది. ఆ ప్రోగ్రాం కంప్యూటరు మీద సర్వాధికారాలతో నడుస్తుంది. అలాంటిది, ఎవరు పెట్టిన ఫైలని అడక్కుండానే నడిపేస్తోంది. దారినపోయే వాణ్ణి పిలిచి, ఇంటి తాళాలగుత్తి చేతిలో పెట్టి, దండం పెట్టినట్టు!

"నా ఉద్యోగం పోయినట్టే బాబాయ్."

"అది తర్వాత. సరిచేయడానికి ఎంతసేపు పడుతుంది?"

"సాయంత్రం దాటుతుంది."

బాబాయి తిన్నగా వెళ్ళి మేనేజరు తలుపు లాగాడు.

"విడుదల ఆపాలి. నాకు అనుమానంగా ఉంది."

"దేని మీద?"

"అన్నిటి మీదా."

ఆఫీసు గగ్గోలెత్తింది.

"మళ్ళీ మొదలెట్టావా బాబాయ్!"

"నీ అనుమానం తగలెయ్య! నిన్న ఫ్రిజ్జు మీద, ఇవాళ దీని మీదా?"

ఆయన చలించలేదు. బొమ్మల వాళ్ళ దగ్గరకెళ్ళి బొమ్మలు మళ్ళీ చూడమన్నాడు. శబ్దాల వాళ్ళ దగ్గరకెళ్ళి శబ్దాలు మళ్ళీ వినమన్నాడు. బల్లకీ బల్లకీ మధ్య తిరిగి తిరిగి అందరి ప్రాణం తీశాడు. చివరికి మేనేజరు జుట్టు పీక్కుని, "రేపు పొద్దున విడుదల చేద్దాం. ఈయన్ని మాత్రం నా ఎదుటి నుంచి తీసుకుపొండి!" అన్నాడు. తిట్లన్నీ బాబాయి మీదే కురవడంతో, అసలు తప్పెక్కడుందని అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఈలోగా కొత్తమ్మాయి తలెత్తకుండా ఆ ఫోల్డరును కట్టుదిట్టం చేసింది. బాబాయి మళ్ళీ తన ఫైలు పెట్టబోయాడు. అనుమతి లేదంది తెర. ఆయన మొహం వెలిగింది.

"వెళ్ళి నిజం చెప్పేస్తా బాబాయ్. నా వల్ల అందరూ మిమ్మల్ని తిడుతున్నారు."

"నన్ను తిట్టడం వాళ్ళకి అలవాటేనమ్మా. నిన్ను తిట్టడం కొత్తగా నేర్పడమెందుకు?"

మర్నాడు అప్‌డేట్ లక్షల కంప్యూటర్లలోకి క్షేమంగా ఎక్కింది. వారాంతానికి కొత్తమ్మాయి ఉద్యోగం ఖాయమైంది. ఇంతకీ ఆ అప్‌డేట్‌తో ఆటలోని వీరుడికి వచ్చింది ఓ ఆకుపచ్చ టోపీ.