నలభయ్యో గుండుసూది

మా బావ దర్జీ. మనిషి గుమ్మంలో ఉండగానే నడుం కొలత చెప్పేస్తాడు. టేపు తీసేది మర్యాద కోసం. అక్క మొగుడని పొగడటం కాదు, ఆ కంటికి తిరుగులేదు. ఒక్క తన పొట్ట దగ్గరే ఆ కన్ను పనిచేయదు. ఏటా తన ప్యాంట్ల కుట్లు విప్పి వదులు చేసుకుంటూ, గుడ్డ కుదించుకుపోతోందని నేసినవాళ్లను తిట్టేవాడు. పదేళ్లుగా ఆ కొట్లో కాజాలూ గుండీలూ నావే కాబట్టి, ఎవరి గుడ్డ ఎన్ని అంగుళాలు కుదించుకుపోయిందో నాకు తెలుసు.

అలాంటిది పోయినేడు ఆ ప్యాంట్లు జారడం మొదలైంది. ఇక చూడాలి మా బావ సంబరం! నాలుగు చెంచాల చక్కెర టీ మానింది లేదు, అడుగు తీసి అడుగు వేసింది లేదు, అయినా నడుం దిగిపోతోంది. వచ్చినవాళ్లందరికీ బెల్టుకి పొడిచిన కొత్త చిల్లు చూపించేవాడు. నేను మాత్రం కూజాలకు కూజాలు నీళ్లు ఎవరు ఖాళీ చేస్తున్నారో, పొద్దస్తమానం బాత్రూముకి ఎవరు పరిగెడుతున్నారో చూస్తూనే ఉన్నాను. ఒకసారి రక్తపరీక్ష చేయించుకోమంటే, తను సన్నబడితే ఓర్వలేకపోతున్నానన్నాడు. ఒళ్లు మండి నోరు మూసుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

మా కొట్లో ఒక పద్ధతుంది. కట్టేసే ముందు గుండుసూదులు లెక్కపెట్టాలి. మొత్తం నలభై. ఒక్కటి తగ్గినా తలుపు వేయం, ఎవరి చొక్కాలోనో ఉండిపోతే పరువు పోతుంది. ఆ సాయంత్రం ముప్పైతొమ్మిదే వచ్చాయి. బట్టలన్నీ దులిపాను. అయస్కాంతం కట్టిన కర్రతో నేలంతా గాలించాను. మిషను దగ్గరికొచ్చేసరికి పెడల్ మీద ఎర్రటి మరక కనిపించింది. మా బావ చెప్పులతో మిషను తొక్కడు, ఉత్త పాదానికే కుట్టు వేగం తెలుస్తుందంటాడు. కాలెత్తమన్నాను. బొటనవేలి కింద సూది తలదాకా దిగి ఉంది. తనేమో, "కిటికీ దగ్గర చూశావా మరదలా?" అంటున్నాడు.

షుగరని తేల్చాడు డాక్టరు. ఏళ్ల నుంచే ఉండి ఉంటుందట. పొట్టలో కొవ్వు పేరుకుని, ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం మానేసింది. చక్కెర కండలోకి చేరక రక్తంలోనే ఉండిపోయి, ఒంటికి వెళ్లిన ప్రతిసారీ బయటికి పోయింది. ఆకలికి ఒళ్లు తన కండనే తినేసింది, ఇదీ ఆ సన్నదనం కథ. ఈలోగా పాదాల్లో నరాలు మొద్దుబారాయి. పుండు పడినా తెలియదు, ముదిరితే కాలు తీసేయాల్సి రావచ్చు, ఉత్త కాళ్లతో ఉండొద్దని గట్టిగా చెప్పాడు.

బావ మాత్రలు వేసుకున్నాడు. టీలో చక్కెర మానేశాడు. సాయంత్రాలు నడిచాడు కూడా. చెప్పులంటే మాత్రం ససేమిరా. అక్క కొన్న మెత్తటి బూట్లు పెట్టె విప్పకుండా అలమరలో పడున్నాయి.

"ఈ కాలే నాకింత అన్నం పెట్టింది. దీన్ని బూటులో మూసేస్తే కుట్టు ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

అప్పటినుంచి సూదుల లెక్క అయ్యాక ఆ పాదాలు చూడటం కూడా నా పనే. స్టూలు మీద కాళ్లు చాపి, కళ్లు మూసుకుంటాడు. నేను సుద్దముక్కతో ఒక్కోచోట తాకి, ఇక్కడ తెలిసిందా అని అడుగుతాను. తెలిసిందంటాడు. రోజూ ఆ మాట వింటుంటే నాకూ ధైర్యంగానే ఉండేది. మొన్న, "ఇక్కడ?" అన్నానో లేదో, సుద్ద చేతిలోంచి జారిపోయింది. వంగి వెతుక్కుంటున్నాను.

"తెలిసింది," అన్నాడు బావ.

"నేనింకా తాకలేదు బావా."

కళ్లు తెరిచాడు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఎన్నాళ్ల నుంచి ఇలా చెబుతున్నావని అడిగాను.

"మొదటి రోజు నుంచీ. భయమేసింది," అన్నాడు.

కాసేపు తన పాదాలకేసి చూసి, లేచి వెళ్లి అలమరలోంచి ఆ పెట్టె తెచ్చుకున్నాడు. బూట్లు వేసుకుని మిషను ముందు కూర్చున్నాడు. మొదటి చొక్కా భుజం కుట్టు వంకరపోయింది. నేను చూడనట్టు గుండీలు ఏరుకుంటూ కూర్చున్నాను. బావ ఆ కుట్టంతా విప్పేసి, బూటుకాలితో మళ్లీ కుట్టాడు.