అడిగి రాసుకున్న పేర్లు

ఈ ఉదయం కొరియర్ డబ్బా కోయగానే, మొక్క వేళ్ళ చుట్టూ చుట్టిన తడి కొబ్బరిపీచు వాసన గదంతా నిండిపోయింది. ఎదురుగా కంప్యూటర్లో, కాకినాడ నుంచి ఒక ఫర్నిచర్ షాపాయన పంపిన ఫైలు తెరిచి ఉంది. తొమ్మిది వేల ఈమెయిల్ చిరునామాలు. "వీళ్ళందరికీ మన న్యూస్‌లెటర్ కొట్టెయ్యండి మేడమ్" అని కింద ఒక ముక్క. అవి ఎవరివో, ఎక్కడ దొరికాయో చెప్పలేదు. ఆ వాసన తగలగానే రత్నమ్మగారి గొంతు వినిపించింది. "అడిగే రాసుకున్నావా అమ్మాయ్?" మహాతల్లి పోయి ఏడాదైంది, ఇంకా నన్ను వదిలిపెట్టరు.

మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. కడియం వెళ్ళే దారిలో కాలవగట్టు మీద ఆవిడ నర్సరీ. భర్త పోయాక ఆ మొక్కల వ్యాపారాన్ని ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. నేను రాజమండ్రిలో ఎంబీఏ అవగానే అక్కడ చేరాను. నా పని, నెలకోసారి 'తోట ఉత్తరం' ఈమెయిల్లో పంపడం, దాన్ని అందుకునేవాళ్ళను పెంచడం. ఈ నెల ఏం నాటాలి, ఏ పురుగు పడుతుంది, కొత్తగా ఏ మొక్కలొచ్చాయి అని ఆవిడ చెబుతుంటే నేను రాసేదాన్ని. నన్ను పనిలో పెట్టుకున్నది ఆవిడ కొడుకు ప్రసాద్‌గారు. చేరిన రోజే తేల్చేశారు. "జూన్ కల్లా వెయ్యిమంది ఉండాలండి. లేకపోతే ఈ ఉత్తరమూ వద్దు, దానికో మనిషీ వద్దు." మా నాన్న రిటైరైన ఏడాది అది. ఇంట్లో నాది తప్ప ఇంకో జీతం లేదు.

నర్సరీ గేటు దగ్గర ఒక పుస్తకం ఉండేది. వచ్చినవాళ్ళు అందులో పేరు, ఫోను, ఈమెయిల్ రాసి వెళ్ళేవారు. అవన్నీ ఉత్తరం జాబితాలో ఎక్కించేస్తే నా పని సగం అయిపోయేది. రత్నమ్మగారు ఎక్కించనిస్తేనా! "మొక్కల బండి ఎప్పుడొస్తుందో తెలియడానికి రాశారు గానీ, ఉత్తరం పంపమని రాశారా?" అని, ఒక్కొక్కరికీ తానే ఫోన్ చేసేవారు. "నేను నర్సరీ రత్నమ్మనండీ. మీరు పట్టుకెళ్ళిన సన్నజాజి ఎలా ఉందండీ? ఆయ్, నెలకో ఉత్తరం రాస్తన్నామండీ, మీకు పంపమంటారా?" అవతలివాళ్ళు ఊరుకుంటారా? అత్తగారి మోకాళ్ళ నొప్పి దగ్గర్నుంచి మొదలుపెట్టేవారు. రోజంతా కలిపి ఏడు ఫోన్లు. అందులో సరేనన్నది నలుగురు. నేను జుట్టు పీక్కునేదాన్ని.

"ఒక్క బటన్ నొక్కితే అయిపోయే పనండీ!" అన్నాను ఒకరోజు.

"మీ ఇంట్లో పెళ్ళయితే శుభలేఖలు పోస్టులో పడేస్తారా అమ్మాయ్?"

"మాకు చర్చిలో చెప్పేస్తారండీ."

"చెప్పినా సరే, ఇళ్ళకెళ్ళి పిలవరేంటి?"

పిలుస్తాం. పిలవకపోతే మా మేనత్త జన్మలో క్షమించదు. ఆ సంగతి రత్నమ్మగారికి తెలుసు, అందుకే నాకు అంత మంట.

ఏప్రిల్ వచ్చింది. పేర్లు మూడు వందలు దాటలేదు. నాకు నిద్ర పట్టడం మానేసింది. ఇక లాభం లేదని ఒక ఘనకార్యం చేశాను. మా చర్చి వార్షికోత్సవం కోసం సభ్యుల జాబితా నేనే టైపు చేశాను. అది నా దగ్గరే ఉంది. అందులో ఏడు వందల చిరునామాలు. అన్నీ ఎక్కించేసి ఉత్తరం పంపేశాను. ప్రసాద్‌గారు మిఠాయి తెప్పించారు. ఆ ఆదివారం ఆరాధన అవగానే చర్చి మెట్ల మీద ఇశ్రాయేలుగారు నన్ను ఆపేశారు. రిటైర్డ్ గుమాస్తా, కోపిష్టి. "ఏమ్మా, ప్రార్థన కూటం కబురనుకుని తెరిస్తే గులాబీ అంట్లేంటి? మా పేర్లు అమ్ముకున్నావా?" చుట్టూ పదిమంది చేరారు. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు రత్నమ్మగారు జాబితా చూశారు. "ఇంతమందికి ఎప్పుడు ఫోన్ చేశావమ్మాయ్?" చర్చి జాబితా సంగతి చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. ఏడు వందల పేర్లూ నా చేతే తీయించారు. అక్కడితో వదిలేశారా అంటే, వదిలితే ఆవిడ రత్నమ్మగారెందుకవుతారు! మరుసటి ఆదివారం, రూపాయి బిళ్ళంత బొట్టుతో, ఇస్త్రీ చీరతో మా చర్చి గేటు దగ్గర ప్రత్యక్షమయ్యారు. బయటికొచ్చే ప్రతి కుటుంబానికీ చేతులు జోడించారు. "మా అమ్మాయి మిమ్మల్ని అడక్కుండా మీ పేర్లు రాసేసుకుందండి. తప్పు మాదేనండి, ఏమనుకోకండి. ఇప్పుడు అడుగుతున్నానండి, పంపమంటారా?" పక్కన నేను. మా అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అంతా అయ్యాక పంపమన్నవాళ్ళు పదకొండు మంది. పదకొండు! అందులో ఇశ్రాయేలుగారొకరు, అదీ "చూద్దాంలెండి" అంటూ.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ మొహం మీదే అనేశాను. "మీ చాదస్తం వల్ల నా ఉద్యోగం పోతుందండీ!" ఆపైన ఏడుపు ఆగలేదు.

"ఆటోలో ఏడవకమ్మాయ్. నేనేదో కొట్టాననుకుంటారు" అన్నారు, అంతే.

జూన్ వచ్చేసరికి నాలుగు వందల పన్నెండు మంది. ప్రసాద్‌గారు మాటంటే మాటే. ఆ నెల ఉత్తరం ఆపేశారు, నెలాఖరుదాకా వచ్చి వెళ్ళమన్నారు. నేను బల్ల సర్దుకోవడం మొదలుపెట్టాను. రెండో వారం నుంచి ఆయన ఫోను మోగడం మొదలైంది. ఉత్తరం అడుగున ఉండేది ఆయన నంబరే. "ఈ నెల ఉత్తరం రాలేదేంటండి? అమ్మగారికి ఒంట్లో బాగుందా?" అందరిదీ అదే ప్రశ్న. ఇశ్రాయేలుగారు మూడుసార్లు చేశారు. వాళ్ళ మందారానికి పిండినల్లి పట్టిందట, ఉత్తరంలో మందు రాస్తారని కాచుకుని కూర్చున్నారట. నాలుగోరోజు ప్రసాద్‌గారు వచ్చి ఫోను నా బల్ల మీద పడేశారు. "పంపించెయ్యండి మహాప్రభో! వెయ్యీ వద్దు, గియ్యీ వద్దు. ముందు ఆ మందారానికి మందు చెప్పండి." రత్నమ్మగారు అక్కడే కూర్చుని గులాబీకి అంటు కడుతున్నారు. చూశావా అని ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది, కనీసం పోట్లాడేదాన్ని.

నాలుగేళ్ళ తర్వాత షాపులవాళ్ళకు ఇలాంటి ఉత్తరాలు పంపిపెట్టే పని సొంతంగా చేసుకుందామని అక్కడ మానేశాను. మరుసటి నెల ఒకటో తారీఖున ఫోను.

"నేను నర్సరీ రత్నమ్మనమ్మా. తోట ఉత్తరం నీకు పంపమంటావా?"

"నాలుగేళ్ళు రాసింది నేనే కదండీ!"

"రాశావు. నీకు పంపమని ఎప్పుడైనా చెప్పావా?"

ఒళ్ళు మండిపోయింది. "పంపండి" అన్నాను. నా ఈమెయిల్ అక్షరం అక్షరం చెప్పి రాయించాను.

ఆ ఉత్తరం ఇప్పటికీ వస్తోంది, ప్రసాద్‌గారే రాస్తున్నారు. ఈ డబ్బాలో మొక్క అందులో చూసి తెప్పించుకున్నదే. దాన్ని కిటికీలో పెట్టి కాకినాడకు ఫోన్ చేశాను.

"ఈ తొమ్మిది వేలమందినీ అడిగారా అండీ?"

"అడగడమేంటి మేడమ్?"

"ఉత్తరం పంపమంటారా అని. మీ షాపుకొచ్చినవాళ్ళు ఓ వందమంది ఉన్నా చాలండి, వాళ్ళకి ఫోన్ చేసి అడగండి."

"ఏంటండీ మేడమ్ మీ చాదస్తం!" అని పెట్టేశారు.

ఆ పని పోయినట్టే. విసుగ్గా ఫైలు తీసిపారేశాను. అంత విసుగులోనూ నాది చాదస్తమన్న ఆ ఒక్క మాట రత్నమ్మగారు విని ఉంటే బాగుండుననిపించింది.