పుపుస ధమనికి నీలం రంగు

నా చిన్నప్పుడు నేను మహా మొండిదాన్ని. మేము గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్న కొత్తల్లోనే, ఎనిమిదో తరగతిలో, సైన్సు సారుతో గొడవ పెట్టుకున్నాను. ఇన్‌స్పెక్టర్ గారు వస్తున్నారని గుండె, ఊపిరితిత్తుల చార్టు వేసి, దాని ముందు నిలబడి వివరించే పని సారు నాకే అప్పగించారు. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనికి నేను నిండుగా ఎరుపు వేశాను. అది నీలంగా ఉండాలన్నారు సారు. ‘ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం’ అని గైడులో బట్టీ పట్టినదాన్ని, ఊరుకుంటానా? గైడు తెరిచి ఆయనకే చూపించాను. ఆయన విసిగిపోయి, పొద్దున్నకల్లా దిద్దుకొచ్చి అది నీలం ఎందుకో చెప్పకపోతే చార్టు ముందు ఇంకో అమ్మాయి నిలబడుతుందని తేల్చేశారు.

ఆ ఇంకో అమ్మాయి ఎవరో నాకు తెలుసు. ఆమె నవ్వు తలచుకుంటేనే ఒళ్లు మండింది.

పక్కింటి అక్క దవాఖానలో నర్సు. హయత్‌నగర్ అవతల పల్లె ఆమెది. నా పక్షాన మాట్లాడుతుందని చార్టు చంకన పెట్టుకుని వెళ్లాను. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మనిషి, నా గోడంతా విని కూడా చార్టు వైపు చూడనైనా చూడలేదు.

“గది అటు పెట్టు పిల్లా. ముందుగాల జర నీళ్లు మొయ్యి. గడప దాటి బయటికి పోయినప్పుడల్లా ‘ధమని’ అని ఒర్రాలె. లోపలికొచ్చినప్పుడల్లా ‘సిర’ అనాలె.”

“ఇదేంటక్కా, రేపు నాకు ఇన్‌స్పెక్షను!”

“మోస్తవా, పోతవా?”

మోశాను. నిండు బిందెతో సందు చివరి మల్లెపాదులకు వెళ్తూ ‘ధమని’. ఖాళీ బిందెతో తిరిగొస్తూ ‘సిర’. ఎదురింటి ముసలాయన పడీ పడీ నవ్వాడు. లంగా తడిసింది, నడుము పట్టేసింది. చదువు చెప్పమంటే చాకిరీ చేయించుకుంటోందని లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాను. తర్వాత బోరింగు దగ్గరికి పంపింది. ఖాళీ బిందెతో గడప దాటి ‘ధమని’ అని అరిచి, రెండడుగులు వేసి ఆగిపోయాను. బిందెలో చుక్క నీరు లేదు. అయినా ఇది ధమనే! బోరింగు కొట్టి నిండు బిందెతో లోపలికొస్తూ ‘సిర’ అని, బిందె వంక అనుమానంగా చూశాను.

“ఇల్లే గుండె అనుకో, మల్లెపాదులు ఒళ్లు, బోరింగే ఊపిరితిత్తులు, బిందెల నీళ్లే ఆక్సిజన్,” అంది అక్క. “గుండె నుంచి పోయేది ధమని, గుండెకు ఒచ్చేది సిర. లోపల ఏమున్నదని కాదు. ఒళ్లంతటికి ఆక్సిజన్ ఉన్న రక్తం పోతది, అది అయిపోయినంక ఒస్తది. ఊపిరితిత్తుల కాడ ఉల్టా, ఆక్సిజన్ లేని రక్తం పోతది, గందుకే ఆ ధమనికి బొమ్మల నీలం. గంతే.”

“అంటే చెడు రక్తం కూడా ధమనిలో...” అనబోయాను. అక్కకు నిజంగానే కోపం వచ్చింది.

“గాలి కోసం పోతున్న రక్తం చెడ్డదెట్లయితది? గట్ల రాసినోణ్ని నా కాడికి తోల్కరా!”

ఆ సాయంత్రమే చార్టు వెనక వైపు బొమ్మంతా మళ్లీ వేశాను. మర్నాడు క్లాసులో అందరి ముందు, ఆ అమ్మాయి కూడా చూస్తుండగా, “తప్పు నాదే సార్” అన్నాను. నీళ్లు మోయడమే నయమనిపించింది. నీలం ఎందుకో చెప్పాక సారు తల ఊపి, చార్టు ముందు నన్నే నిలబెట్టారు. తీరా ఇన్‌స్పెక్టర్ గారు అటు తలైనా తిప్పకుండా, కిటికీ తలుపులు పరీక్షించి వెళ్లిపోయారు. అది తలచుకుంటే ఇప్పటికీ చిర్రెత్తుకొస్తుంది.

అరవై దాటాయి, నోరు మాత్రం తగ్గలేదు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఆటోవాళ్లతో, ఇంట్లో కోడలితో, ఫోనులో చెల్లెలితో రోజూ ఏదో ఒక వాదన. కానీ గొంతు పెంచే ముందు ఒక్క క్షణం ఆగి, ఇది నాకు తెలిసి అంటున్నానా, ఎవరో అన్నది పట్టుకుని అంటున్నానా అని నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు ఆ జవాబు నాకు నచ్చదు.