ఆదివారం అంగడిలో చిన్నమ్మ బోణీ

మా ఆఫీసులో పనిచేసే మార్తాది హంగరీ. వాళ్ల భాషలో ఆదివారాన్ని ‘వషార్నప్’ అంటారని, అంటే సంత రోజని ఒకసారి టీ తాగుతూ చెప్పింది. అందులో సంతకు వాడే ‘వాషార్’ అసలు వాళ్ల మాటే కాదట, ఎప్పుడో ఇరాన్ వైపు భాషల నుంచి తెచ్చుకున్నారట. మన బజారూ అక్కడిదే కదా అన్నాను. అయితే మీ ఆదివారం అంగడి చూపించు అంది. జైనూర్ అవతల, ఆదివారం అంగడి జరిగే ఒక ఊళ్లో మా రాహేలు చిన్నమ్మ ఉంటుంది. ఆమె కారం అమ్మకం ఎలా సాగుతోందో చూడాలని నాకూ ఉంది.

శనివారం కరీంనగర్ నుంచి పెద్దపల్లికి బస్సు, అక్కడి నుంచి ప్యాసింజర్ రైల్లో ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్. ఆపైన కెరమెరి ఘాట్ మీదుగా షేర్ జీపు, మనిషికి రెండు వందల లోపే. మలుపుల్లో మార్తా కళ్లు మూసుకుంటే డ్రైవర్ “ఫికర్ చెయ్యకుండ్రి మేడం, కండ్లు మూసుకున్నా గీ తొవ్వ నాకెరుకే” అన్నాడు. అది నేను ఆమెకు తర్జుమా చెయ్యలేదు.

పత్తి కూలికి పోయే చిన్నమ్మ ఈ ఏడు సొంతంగా కారం పట్టించి అంగడిలో కూర్చుంటోంది. తిన్నవాళ్లంతా మెచ్చుకున్నారు కానీ పైసలివ్వలేదు, అందరూ చుట్టాలూ చర్చివాళ్లే. “మనోళ్లను పైసలెట్ల అడుగుత బిడ్డా? గీ వారం గూడ గిట్లనే అయితే మళ్ల కూలికే పోత” అంది అన్నం వడ్డిస్తూ.

అంగడి రోజు కాబట్టి అక్కడ ఆదివారం ప్రార్థన తెల్లవారేసరికే ముగిస్తారు. పాస్టరుగారు కూడా కూరగాయల సంచితోనే వస్తారు. చిన్నమ్మ గోనె పరిచి మూట విప్పగానే మార్తా నా ద్వారా అరకిలో ధర అడిగి, అంతా తిరిగి వస్తానంటూ ముందుకు నడవబోయింది. చిన్నమ్మ మొహం వాడిపోయింది. బోణీ బేరం అలా పోతే ఆ రోజంతా అమ్మకం ఉండదని మా నమ్మకం. ఆ సంగతి చెప్పగానే మార్తా గబగబా వెనక్కి వచ్చి డబ్బు తీసింది. పక్కన ఉల్లిగడ్డలమ్మే ఆమె ఊరుకుంటుందా? “ఇంటికొచ్చిన చుట్టం దగ్గర పైసలు తీసుకుంటవా రాహేలక్కా?” అంది. అందరూ ఇటే చూస్తున్నారు. చిన్నమ్మ చెయ్యి చాపింది. “ఇంట్ల ఉన్నప్పుడు చుట్టం. బువ్వ పెట్టిన, ఇంక పెడత. గీడ మాత్రం గిరాకి.” నోటు కళ్లకద్దుకుని, “స్తోత్రం” అని బొడ్లో దోపుకుంది. ఆ తర్వాత వచ్చిన చర్చివాళ్లెవరూ ఉత్తగా అడగలేదు. మధ్యాహ్నానికి మూట ఖాళీ అయింది.

ఒక మాట అంత దూరం పోయి హంగరీలో ఆదివారమై కూర్చోవడం ముచ్చటే. కానీ ఆ రోజు నాకు అంతకన్నా గొప్పగా కనిపించింది ధర చెప్పి చెయ్యి చాపిన మా చిన్నమ్మే. ఈమె మా మనిషి అని అంగడంతా తిరిగి చెప్పాలనిపించింది, సగం అంగడికి చెప్పాను కూడా. వెళ్లేవారికి ఒక సలహా: పొద్దున్నే వెళ్తే, కొనే ఉద్దేశం ఉంటేనే ధర అడగండి, మొదటి బేరం మీదే కావచ్చు. మా చిన్నమ్మ దగ్గరైతే బేరమాడండి, కాస్త తగ్గిస్తుంది. చుట్టరికం మాత్రం కలపకండి.